బొగ్గు కాపలా

బొగ్గుకి తెలిసిన దొంగలు మూడు రకాలు.
గట్టు తొలిచే ఎలక,
చెరుకులో దూరే పంది,
చీకట్లో కళ్ళానికొచ్చే మనిషి.
నాలుగోది పైనుంచి వస్తుందని
దానికెవరూ చెప్పలేదు.

చైత్రమాసం. తాతబ్బాయి మినపకట్టె తిరగేస్తున్నాడు.
నీడన పడుకున్న రెండు చెవులు
మనుషులకంటే ముందు లేచాయి.
కోరంగి మడల మీదుగా
జోరీగ రొద లాంటిది,
ఏ జోరీగకీ లేనంత నీడతో.
బాతులు కాలవలో బుడుంగున మునిగాయి.
బొగ్గు గట్టెక్కి మొరిగింది,
తోక నిలబెట్టి, గొంతు చీరుకుపోయేలా.
కాకినాడ రేవు వైపు నేల రెండుసార్లు దగ్గింది.
తర్వాత ఆ రొద
సముద్రంలోకి పోయింది.

తనే తరిమాననుకుంది.
ఏసోబూ అదే అన్నాడు,
తన గంజిలో సగం దాని మూకుట్లో వొంపి:
"ఒరే బొగ్గూ, జపానోణ్ణి తోలేశావురా!"

పట్నం జనం పెట్టెలతో పడవల్లో దిగారు.
కిరసనాయిలు కరువైంది.
రాత్రుళ్ళు దీపం పెట్టొద్దని దండోరా వేశారు.
బొగ్గుకి దీపంతో ఎప్పుడు పని?
వానలు పడ్డాక ఏసోబు
అస్సాంలో రోడ్డు పనికి పోయాడు.
మూకుడు బోర్లా పడి ఉంది,
దాని కింద ఒక కప్ప.

పుష్యంలో కుప్ప నూర్చారు.
అయిదో దొంగ పట్టపగలే వచ్చాడు,
లారీలో,
ముద్రేసిన కాయితంతో.
బొగ్గు ఎగిరి దూకింది.
తాతబ్బాయే దాన్ని వొడిసిపట్టి
కొబ్బరితాడుతో మూతి బిగించాడు.
కాటా ఊగుతోంది. బస్తాలు ఎక్కుతున్నాయి.
చేతులు కట్టుకు నిలబడ్డ అతని వొంటినుంచి
నిరుడు గడ్డివామి దగ్గర దొరికినవాడి
చెమట వాసన.

ఆ రాత్రి అమావాస్య.
కళ్ళంలోకి ఎవరో వచ్చారు,
మునివేళ్ళ మీద, ఊపిరి బిగబట్టి.
విత్తనానికి మిగిల్చిన రెండు బస్తాలూ
ఒకటొకటే మోసి
వామి కడుపులో దాస్తున్నారు.

నడక దొంగది.
వాసన తాతబ్బాయిది.

మొరుగు గొంతుదాకా వచ్చి ఆగింది.
తాడు ఎప్పుడో విప్పేశారు,
మూతి మీద పీచు గీరిన మంట అలాగే ఉంది.
బొగ్గు లేచి
అతని వెనకే వామి దాకా నడిచింది.
మూడుసార్లు తిరిగి, గడ్డికి వీపానించి
కూర్చుంది,
ఒక చెవి లారీ వచ్చే దారికి,
ఒక చెవి
ఆకాశానికి.