మాటు

పదకొండు బోర్డులు వెనక్కొచ్చాయి
గ్లెన్‌రాథెస్‌కి, ఒకే అట్టపెట్టెలో.
రోడ్ల మీద ఉప్పు చల్లే లారీలవి.
చీటీ మీద ఎవరిదో విసుగు చేతిరాత:
"గరాజులో పనిచేస్తుంది. మంచులో చెయ్యదు."

మంచు కోసమే పుట్టిన బండికి
మంచంటేనే పడదట.

బల్ల మీద పెట్టి కరెంటిచ్చాను.
పదకొండూ పచ్చదీపాలు వెలిగించుకుని
బుద్ధిమంతుల్లా కూర్చున్నాయి,
డాక్టరు గుమ్మం తొక్కగానే
పిల్లాడి జ్వరం దిగిపోయినట్టు.

మోరాగ్ గెడ్డిస్ టీ కప్పుతో వచ్చి
"తట్టి చూశావా?" అంది.
పెన్సిలు వెనక రబ్బరుతో తట్టాను,
కుండ బేరమాడేవాళ్ళలాగా,
రిలే దగ్గర, కనెక్టర్ల దగ్గర, మూలమూలనా.
ఒక్కటీ పలకలేదు.

చలి స్ప్రే తీశాను.
సన్న గొట్టంతో అంగుళం అంగుళం చలి పోస్తుంటే
రాగి మీద తెల్లగా నూగు పట్టింది.
మూడో కనెక్టరు. నాలుగో కాలు.
పచ్చదీపం రెప్ప వాల్చింది.
వేలితో నొక్కితే తెరిచింది,
వదిలితే మూసింది.

దొరికావు.

సీసం లేని మాటు ఎప్పుడూ కాస్త మసకే,
మెరుపు చూసి మార్కులేసే రోజులు పోయాయి.
వాలు చూడాలి.
మంచి అతుకు కాలి చుట్టూ కుచ్చిళ్ళలా జారుతుంది,
ఎక్కడ మొదలై ఎక్కడ నేలలో కలిసిందో చెప్పలేం.
ఇది మాత్రం బొద్దుగా, గుండ్రంగా
చేమాకు మీద చినుకులా
కూర్చుంది గానీ అంటుకోలేదు.
చుట్టూ వెంట్రుకంత నల్లగీత,
సగం ఉంగరం.

చిల్లుపడ్డ బిందెకి మా వీధిలో వేసేది గుర్తొచ్చి
మోరాగ్‌తో అన్నాను:
మా భాషలో దీన్ని మాటు అంటారు.
నోటిమాటకీ దీనికీ ఒక్క కొమ్మే తేడా.
"చల్లారాక వేస్తే రెండూ అతకవులే"
అంది, లెన్సులోంచి తల ఎత్తకుండానే.

నాలుగోదే ఎందుకు?
అది నేలకు కట్టిన కాలు.
బోర్డంత వెడల్పు రాగిపొర దాని వెనక,
ఎంత వేడి పోసినా తాగేసే ఇసుకలా.
పక్కకాళ్ళకి రెండు సెకన్లు చాలు,
దీనికి ఐదు కావాలి.
రెండుకే చెయ్యి తీస్తే
పైన నిండుకుండ,
లోపల సగం గాలి.

ఎవరి చెయ్యో చూద్దామని
పనికార్డు లాగాను.
ఫిబ్రవరి. రాత్రి షిఫ్టు. స్టాంపు ఇరవై ఏడు.

ఇరవై ఏడు నా జేబులోనే ఉంది,
తాళాలతో పాటు.

గుర్తు చేసుకోబోయాను.
ఆ రాత్రి చెయ్యి నొప్పా, బస్సు టైమా,
అరిగిన ఐరన్ మొనా?
ఏమీ లేదు. మామూలు రాత్రి.
మామూలుగా మూడు సెకన్లు మిగుల్చుకున్నాను,
వాటితో ఏం చేశానో తెలియదు.

నా స్టాంపు పక్కన తనిఖీ స్టాంపు. తొమ్మిది.
మోరాగ్ దాన్ని చూసింది.
టీ చల్లారిందని కాబోలు
కప్పు పక్కన పెట్టేసింది.

ఫారంలో 'కారణం' గడి చిన్నది.
బోర్డును ముందే వేడి చేయాలి,
రాగిపొరకి ఆ కాలి దగ్గర మెడ సన్నం చేయాలి,
డిజైన్ వాళ్ళకి చెప్పాలి, అని రాశాను.
అన్నీ నిజాలే.
అన్నీ రాశాక కూడా గడిలో చోటు మిగిలింది.
27 అని రాశాను.

పాత మాటు పీల్చేసి, ఫ్లక్స్ రాసి,
ఐరన్ ఆనించి తెలుగులో లెక్కపెట్టాను.
ఒకటి. రెండు.
ఇక్కడే చెయ్యి తనంతట తనే లేవబోయింది.
మూడు. నాలుగు.
ఐదుకి వెండినీరు గుటకేసినట్టు
రంధ్రంలోకి దిగింది.

ఆ వారం చేసినవి రెండు వందల నలభై.
పెట్టెలో ఉన్నవి పదకొండు.
ఇప్పుడు ఏప్రిల్, ఫైఫ్ అంతటా ఉత్త వాన.
నవంబరు దాకా ఏ దీపమూ ఆరదు.

"మిగతావాటికి ఉత్తరం నువ్వు రాస్తావా?"
అడిగింది మోరాగ్, కుర్చీ దగ్గరికి లాక్కుంటూ,
"నేను రాయనా?"