లిఫ్టు మెకానిక్ సినిమా చూస్తే

ముందే చెప్తున్నా, నాకు సినిమా విద్య రాదు.
త్బిలిసి శివార్లలో, గ్ల్దానీ పేటలో
తొమ్మిదంతస్తుల మేడల లిఫ్టులు బాగుచేస్తాను.
చేతుల గ్రీజు సగం వదిలాక
సోఫాలో కూలబడి, దొరికింది చూస్తాను.
మా ఆవిడ నానూలీ పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ
మధ్యలోనే నిద్రపోతుంది.
ఆమె నిద్రపోయిన నిమిషమే నేనిచ్చే మార్కు.
నలభై దాటిందా, మంచి సినిమా.

ఫైటింగు సినిమాల మీద నాకో ఫిర్యాదుంది.
హీరో ప్రతిసారీ లిఫ్టు కప్పు తోసుకుని పైకెక్కుతాడు.
అయ్యా, ఆ మూతకి గడియ బయటివైపు ఉంటుంది!
తాళ్లు అలా పటుక్కున తెగవు.
ఒకటి తెగినా మిగతావి మోస్తాయి,
అవీ పోతే ఇనుప దవడలు పట్టాలని కరుచుకుంటాయి.
ముప్పై ఏళ్ల సర్వీసు నాది, ఒక్కడూ నన్నడగడు.
ఇది చెప్పబోతే నానూలీ "ష్" అంటుంది,
నిద్రలోనే.

దయ్యాల సినిమాలు నాకు పడవు, భయమని కాదు.
ఆ కొంపలు మరీ పెద్దవి.
పదమూడు గదులకి ఒక్కటే దయ్యమా!
మా మేడలో లిఫ్టు నాణెం వేస్తేనే కదులుతుంది.
ఇక్కడైతే అది కూడా చిల్లర లేక
మూడో అంతస్తులో ఎవరినో అడుక్కునేది.

ప్రేమ సినిమాలు చూస్తాను, ఎవరితోనూ అనకండి.
వానలో వాళ్లిద్దరూ పరిగెడుతుంటే మాత్రం
ఆ బట్టలు ఎక్కడ ఆరేస్తారో అని నా బెంగ.
మా వైపు బట్టలతీగలు
ఈ మేడ నుంచి ఆ మేడకి కప్పీల మీద సాగుతాయి.
ఒకటి బిగించడానికి వెళ్లినరోజే
అవతలి కిటికీలో నానూలీని చూశాను.
వాన లేదు, వయొలిన్లు లేవు.
కప్పీ కీచుమంది, అంతే.

రోదసి సినిమాల్లో కథ నాకెక్కదు గానీ
ఆ తలుపులు!
ఎంత మెత్తగా తెరుచుకుంటాయో.

యుద్ధం సినిమాలు ఇంట్లో పెట్టడం మానేశాను.
సుఖూమి నుంచి కొండలు దాటి నడిచొచ్చిన జుంబేర్
ఒకసారి మాతో కూర్చుని ఒకటి చూశాడు.
అయిపోయాక టీ గ్లాసు కిందపెట్టి
"వీళ్ల బూట్లు శుభ్రంగా ఉన్నాయి" అని
మెట్లెక్కి వెళ్లిపోయాడు. లిఫ్టు పనిచేస్తూనే ఉంది.

తొంభై నాలుగు చలికాలం ఒక కేసెట్టు తెచ్చాను.
హీరోకీ, హీరోయిన్‌కీ, చంపేవాడికీ, చచ్చేవాడికీ
ముక్కు దిబ్బడేసిన మనిషిదొకడిదే గొంతు, రష్యన్‌లో.
గడియారాలు బాగుచేసే ముసలాణ్ణి ఎవరు చంపారు?
కరెంటున్న రెండు గంటల కోసం
అంతస్తంతా మా గదిలోనే చేరింది, కోట్లతో సహా.
ఇన్‌స్పెక్టరు అందరినీ పిలిచి, వేలెత్తి,
"హంతకుడు..." అన్నాడు.
కథ కంచికి చేరకముందే కరెంటు పోయింది.

కిరసనాయిలు దీపం వెలిగించాం.
డాక్టరన్నాడొకడు, వంటమనిషన్నారు ఇద్దరు.
గొంతు మీద పందెం కట్టాడు జుంబేర్:
"అన్నీ వాడే మాట్లాడాడు, చంపిందీ వాడే."
చివర్లో ఐదో అంతస్తు సియూరీ అవ్వ,
చేతులు చంకల్లో దాచుకుని:
"ఎవరూ చంపలేదర్రా. ఇంట్లో పొయ్యి లేదు కదా.
చలికి ఆగిపోయాడు."
తర్వాత ఎవరూ పందెం కాయలేదు.
పొద్దున్నే కేసెట్టు వాపసిచ్చేశాను.

మొన్న మా అబ్బాయి ఫోనులో ఆ సినిమా వెతికిపెట్టాడు.
ఈసారి ఎవరి గొంతు వాళ్లకే ఉంది,
అదేమిటో బోసిగా అనిపించింది.
చంపింది మేనల్లుడట. ఆస్తి కోసమట.
ఇంత చెత్త ముగింపు కోసమా
ముప్పై ఏళ్లు కుతూహలం దాచుకున్నాను!

పక్కకి చూస్తే నానూలీ మేలుకునే ఉంది.
తెర మీద మేనల్లుడి చేతులకి బేడీలు పడుతున్నాయి.
ఆమె ఒక గింజ పటుక్కున కొరికి
"చూశావా, సియూరీ అప్పుడే చెప్పింది" అంది.
నేను కాదనలేదు.
లేచి కిటికీ సందులో గుడ్డ కుక్కాను.