లంగరు గుర్తు చీమ

వెస్పా కాదు.
లాంబ్రెట్టా అంతకన్నా కాదు.
చిత్తూరు సంతపేట మలుపులో ఏకాంబరం మేస్త్రీ షెడ్డుకి
వచ్చినోళ్ళంతా ముందు ఓడిపోయేది ఇక్కడే.

ఒళ్ళంతా పోత పోసిన అల్యూమినియం.
వేలితో కొడితే
ఎండాకాలం ఖాళీ బిందెలా పలుకుతుంది.
ముందు భాగాన, బొట్టు పెట్టే చోట,
ఒక లంగరు.

సముద్రం చూడాలంటే బస్సెక్కి సగం రోజు పోవాల.
మా నీవా నదిలో పడవ దాకా ఎందుకు,
కాగితప్పడవ మునిగే నీళ్ళు కూడా ఏడాదికి పది రోజులే.
ఈడికి లంగరేమిటి మేస్త్రీ?

వేలూరు పాత ఇనుము అంగట్లో
కిలో లెక్కన తూకానికి కొన్నాడు.
కాట్పాడి తెల్ల ఫాదరు తోలిన బండంట.
ఆయన పోయినాక
సీటు కింద కోళ్ళు గుడ్లు పెట్టినాయంట.
"కాణిపాకంలో ప్రమాణం చేస్తా, అబద్ధమైతే చెయ్యి పడిపోనీ"
అని మొదలుపెడతాడు కథ,
ఆ చేతిలోని స్పానరు దించకుండానే.

పెట్టెలో దొరికిన చెదలు తిన్న పుస్తకాన్ని
రోములో చదివొచ్చిన సిస్టర్ రోజిలిన్
ఒక ఆదివారం పూసగుచ్చినట్టు చెప్పిందంట:
బెర్గామో అని ఇటలీలో కొండమీద ఊరు.
నేతమిషన్లకు సామాన్లు పోసే కార్ఖానా.
యజమాని చేతికి బొమ్మలు చేసే విద్య.
యుద్ధమొచ్చింది.
నేత పక్కకి జరిగి
నీళ్ళ కింద దాక్కునే చిట్టి పడవలు,
వాటి కడుపులో చావు.
అదే కొలిమి, అదే మూస.
యుద్ధం పోయింది.
కొలిమి చల్లారితే కూలోళ్ళకి కూడెట్లా?
అప్పుడు పుట్టిందిది.
కంపెనీ పేరు రూమి.
బండి పేరు ఫార్మికీనో, అంటే చిన్న చీమ.
లంగరు మాత్రం చెరపలేదు.

ఎందుకు చెరపలేదో ఆ పేజీలో ఉండాల.
చెదలు ముందే చదివేసినాయి.

ఎన్నేళ్ళో తిరగలేదు, కార్ఖానాకి తాళం.
పిస్టన్ రింగులకని మేస్త్రీ రాసిన ఉత్తరం
ఎర్ర ముద్రతో వెనక్కొచ్చి
వెంకన్న క్యాలెండరు పక్కన మేకుకి వేలాడుతోంది.

ఇది చెప్పేటప్పుడు ఆయన గొంతు మారదు.
అది మారిపోయి చాలా కాలమైంది.
ఇరవై రెండేళ్ళు చక్కెర మిల్లులో ఫిట్టరు.
గానుగ రోలర్లు లారీకెక్కించే రోజు
గేటు దగ్గర నిలబడి
బోల్టులు లెక్కపెట్టినాడు.
రెండు తక్కువొచ్చినాయని
ఇప్పటికీ గొణుగుతాడు.
"చక్కెర పోయినాక దొరికింది చూడు నాకు, చీమ!"
అని నవ్వుతాడు.
నేను గ్రీజు డబ్బా మూత వెతుక్కుంటాను.

ఒకే ఒక్కసారి పలికింది ఇంజను,
కార్తీకంలో, కరెంటు పోయిన రాత్రి.
రెండు సిలిండర్లు, పక్కపక్కన పడుకున్న కవలల్లాగా,
ఒకడు దగ్గితే ఇంకొకడు.
మిల్లు గేటు దాకా పోయినాం, నేను వెనక.
ఆడ ఆగిపోయింది.
తోసుకుంటా తిరిగొచ్చినాం,
దారి పొడుగునా ఆయన
ఏ నట్టు ఎంత వదులో చెప్తానే ఉండాడు.

ఇప్పటికీ పొద్దున్నే షట్టరు ఎత్తగానే
టీలోకి తెచ్చిన బెల్లం ముక్క
సీటు కింద పెట్టెలో దాస్తాడు.
మధ్యాహ్నానికి
లంగరు మీదుగా సన్న నల్ల వరస.
కిక్కు రాడ్డు మీద కాలు పెట్టి
ఆగుతాడు.
ఊదడు, తుడవడు.
"పోండమ్మా, పోండి" అంటూ
చివరిది దాటేదాకా
ఒంటికాలి మీద నిలబడి ఉంటాడు.