సీటు మీద కర్చీఫ్

మస్కట్ నించి మద్రాసుకి మూడున్నర గంటలు.
కెజియా నోట్లో ఆరు పాలపళ్లు పుచ్చిపోయి ఉన్నాయి.
ఐదేళ్ల పిల్ల. దారంతా చాక్లెట్ అడగలేదు,
విమానం కిటికీ మీద ఆవిరి ఊది
పళ్లు లేని మొహమొకటి గీసి, చెరిపి, మళ్లీ గీసింది.

అక్కడి డాక్టరు, "పీకేద్దాం, ఎలాగూ ఊడేవే" అన్నాడు.
ఉంచాలంటే నా రెండు నెలల జీతం.
సూళ్లూరుపేటలో అత్తగారికి చెప్పలేదు,
రెండు గంటల రైలు దూరంలో దిగి కూడా.
"పాలపళ్లకి విమానమా, ఏందే నీ గొప్ప" అంటుంది.
ఆమె తప్పేం లేదు. మా చిన్నప్పుడు
దారం, తలుపు గడియ, అంతే వైద్యం.
ఊడిన పన్ను పెంకుల మీదకి విసిరి
వెనక్కి చూడకుండా పరుగెత్తేవాళ్లం.

కీల్పాక్‌లో మూడో అంతస్తు. లిఫ్టు నిండా లవంగనూనె వాసన.
"రాత్రిళ్లు పాలసీసా నోట్లో ఉండగానే నిద్రపోయేదా?"
డాక్టర్ ఇలక్కియ అడిగేటప్పటికే
ఫారంలో, ఉద్యోగం అన్నచోట,
నర్సు అని రాసేసి ఉన్నాను.

తెలియక కాదు డాక్టర్.
తొమ్మిదిన్నరకి నైట్ డ్యూటీ వ్యాను.
సీసా ఉంటే ఏడవదు,
ఏడవకపోతే నేను మెట్లు దిగగలను.
రెండేళ్లు అదే లెక్క.
పైకి మాత్రం "అప్పుడప్పుడూ" అన్నాను.

ఆమె ఎక్స్‌రే వెలుగుకి పట్టింది.
పాలపన్ను కింద, చిగుళ్ల లోపల,
రాబోయే పన్ను మొగ్గ.
"ఇది ఇప్పుడే పోతే పక్కవి జరిగిపోతాయమ్మా,
వచ్చేదానికి చోటుండదు" అంది తన అరవ తెలుగులో.

నాకు నెల్లూరు బస్టాండు గుర్తొచ్చింది.
మా నాన్న కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ పడేసి
జనంలో మమ్మల్ని వెతుకుతూ నిలబడేవాడు.
ఆ బస్సు ఎక్కాల్సింది ఆయన కాదు.

మూడు సిట్టింగులు. రెండు పళ్లు దక్కలేదు.
నాలుగింటికి వేర్లు కడిగి, మందు నింపి, స్టీలు తొడుగులేశారు.
సూది వేసేటప్పుడు కెజియా నా వేలు కొరికింది,
పుచ్చుపళ్లతోనే, ఎముక దాకా.

ఎగ్మూర్ లాడ్జి అద్దం ముందు నోరు తెరిచి
"అమ్మా, నా నోట్లో గిన్నెలు!"
రాత్రి అత్తగారి వీడియో కాల్.
నేను ఫోను తిప్పేలోపే ఈ అని నవ్వేసింది.

అవతల కాసేపు మాట లేదు.
"ఏదీ, ఇంకోసారి నవ్వు" అందామె, కళ్లజోడు వెతుక్కుంటూ.
అప్పుడే కిటికీ బయట స్టేషను మైకు
తమిళంలో, తీరిగ్గా,
ఏదో బండి పేరు రెండుసార్లు చదివింది.