మజిలీలు

దసరా సెలవలకి బొంబాయి సముద్రం చూపిస్తానని
మామిళ్ళ సీజన్‌లో, చేతిలో నాలుగు డబ్బులున్నప్పుడు
నోరు జారినా.
ఈ పొద్దు అన్నాలయినాక
బెల్లం మండీ క్యాలెండరు తిరగేసి
దేవసేన స్కేలు పెట్టి గీత గీసింది.
ఈ కొస చిత్తూరు, ఆ కొస నీళ్ళు.
"మధ్యలో యాడాడ ఆగుదాం?"

నన్నా అడిగేది!
ఇరవై రెండేళ్ళు గుజ్జు డ్రమ్ములు తోలినోణ్ణి.
నిద్రలో లేపినా చెప్తా,
సిరా దాటినాక డీజిలు ఎవుడు నికరంగా కొలుస్తాడో,
హిరియూరు పంచరంగడి ముసలాయనకు ఏ కన్ను ఆనదో,
హావేరి టీ ఎంత చిక్కనో,
ఏ చెక్‌పోస్టులో ఏ చెయ్యి ఎంత చాస్తుందో.
నేను చెప్పుకుంటా పోయినా,
ఆమె చుక్కలు పెట్టుకుంటా వచ్చింది.

పెన్సిలు కొప్పులో దోపుకొని
మొదటి చుక్క మీద వేలు పెట్టింది.
"ఈడ ఆడోళ్ళకు తలుపుందా?"

తలుపు.
నాకు గుర్తొచ్చింది దాబా వెనక జొన్నచేను,
తెల్లారుజామున చెంబుల్తో మా క్లీనర్లు, మేము.

"గొళ్ళెం లోపల్నించి పడతాదా?
అత్త మోకాళ్ళకు కూర్చునే ఏర్పాటుందా?
లిఖిత కక్కుకుంటే కడిగేదానికి నీళ్ళు?"
నేను తల అడ్డంగా ఊపిన చుక్కనల్లా
రబ్బరుతో తుడిపేసింది.
చివరికి కాగితం మీద గీత ఒక్కటే మిగిలింది,
ఇన్నేళ్ళూ నేను ఎక్కడా ఆగనే లేదన్నట్టు.

పళనికి ఫోన్ చేసినా.
నాకంటే పదేళ్ళు ఎక్కువ సర్వీసు.
"తలుపా? ఏం తలుపన్నా?" అన్నాడు.

ఆ తర్వాతి ట్రిప్పు
పూణేకి ఒక పూట లేటు.
ఓనరు తిట్టినాడు, తిట్టనీ.
బంకు బంకుకీ దిగినా.
తుమకూరు ఇవతల ఒకచోట
ఊడ్చే ఆమె చీపురు తిరగేసి పట్టుకొని వచ్చింది,
ఆడోళ్ళ వైపు నీకేం పనిరా అని.
నాకొచ్చిన కన్నడమంతా పోగేసి
పెండ్లాన్నీ, అమ్మనీ, కూతుర్నీ
వేళ్ళ మీద లెక్కబెట్టి చూపించినా.
చీపురు దించింది.
తాళం తీసింది. గొళ్ళెం తనే వేసి, తీసి, మళ్ళీ వేసి చూపించింది.
మంచి బకెట్టు ఎవరికీ తెలీకుండా యాడ దాస్తుందో
అది కూడా.

తొమ్మిది చోట్లు రాసుకొచ్చినా.
చిత్రదుర్గంలో రాత్రికి రూము, కింది అంతస్తు,
అమ్మ మెట్లెక్కే పని లేదు.
హుబ్బళ్ళి ముందర చెట్టు కింద సిమెంటు బల్ల,
లిఖిత ఒళ్ళో తల పెట్టుకొని పడుకునేంత పొడుగు.
కొల్లాపురంలో పెరుగన్నం దొరుకుతుంది, అడిగితే.
పరీక్ష రాసిన పిల్లోడి మాదిరి
కాగితం ఇచ్చి ఎదురుగా నిలబడినా.

దేవసేన అంతా చదివింది, మెల్లగా.
తలూపింది.
కొప్పులోంచి పెన్సిలు తీసి
చిత్తూరుకు బెత్తెడు కూడా లేని దూరంలో
తన చుక్క ఒకటి పెట్టింది.

"మొగిలి ఘాటా? బయల్దేరి గంట కాదే!
ఆడేముంది, మలుపులూ కోతులూ తప్ప?"

"లోడెత్తుకొని పోయిన ప్రతి రాత్రీ
మొగిలి దాటినా, ఇంక పండుకో, అంటావే ఫోన్‌లో.
ఆ మాట ఇన్నాకే నేను లేచి గొళ్ళెం పెట్టేది.
ఎట్లుంటుందో చూడాల."

లోపల అమ్మ దగ్గింది.
గోడ మీద బల్లి ఏదో అంది.

"పది నిమిషాలు రాయి, చాలు" అంది దేవసేన.
నేను అర్ధగంట రాసినా.