అదే పేరు

ఫర్వానియాలో ఆ యేడు ఎండ
కిటికీ ఊచల్ని కూడా కాల్చింది.
ఎదురింటి యెమెనీ ఆమె ఇచ్చిన సిద్ర్ తేనె
వేలికొసన అద్ది
నాలుగు నెలల పెంచల్‌కి నాకించింది నేనే.
మంచిదనే.

వారానికి వాడి ఏడుపు సన్నబడింది.
రెప్పలు తడిసిన గోనెపట్టాలు,
ఎత్తితే లేచేవి, వదిలితే పడేవి.
గొట్టాల మధ్య ఇరవై మూడు రోజులు.
కాగితం మీద అరబ్బీలో ఒక పేరు, కింద ఇంగ్లీషులో.
అక్షరం అక్షరం కూడబలుక్కున్నా: బొటులినమ్.
సీసా పారేసి
ఆ వేలిని మూడుసార్లు కడుక్కున్నా.

ఇప్పుడు వాడు బడికి పోతాడు.
రెప్ప వేయకుండా అబద్ధాలు చెబుతాడు.

చెల్లెలు చైత్రకి మెల్ల.
రెండు నల్లగుడ్లూ ముక్కు దగ్గర చేరి
ఏదో గుట్టు చెప్పుకుంటున్నట్టు.
"అదృష్టం లేవే" అంది ఫోనులో మా పిన్నమ్మ.
డాక్టర్ నెర్మీన్ చిన్న సీసా చూపించింది.
లోపలికి లాగే కండని కొన్నాళ్లు నిద్రపుచ్చుతుందట.
పేరడిగా.
చెప్పింది.
పిల్లని చంకనేసుకుని లిఫ్టు దాకా పోయినా.

లిఫ్టు రాలేదు.
వెనకే వచ్చిందామె, పెంచల్ కథంతా నిలబడే విన్నది.
"ఆ వేలి మీద ఎంతుందో నీకు తెలీదు.
ఇందులో ఎంతుందో నాకు తెలుసు."

సూదేసిన నాలుగో రోజు
చైత్ర కుడిరెప్ప జారింది.
ముందే చెప్పినారు, జారుతుందని, లేస్తుందని.
ఐనా రాత్రంతా ఏసీ హోరులో
దాని ఊపిరి లెక్కపెట్టుకుంటా కూచున్నా.

తెల్లారి పెంచల్ వచ్చి
చెల్లి రెప్పని వేలితో మెల్లగా ఎత్తి
"లోపలే ఉందిమా,
చూస్తా ఉంది" అన్నాడు.