కంద జిగురు

మొదట మా అంగడి గుమ్మం మీది గంట పోయింది.
ఆ తర్వాత కంద.

గంట పోయినరోజు సంఘం పెద్ద కురిబయాషి
రసీదు రాసిచ్చాడు: ఇత్తడి గంట ఒకటి, చిన్నది.
కంద పోయినరోజు రసీదు కూడా లేదు.
కొండవాలు మీద తవ్వింది తవ్వినట్టే లారీ ఎక్కింది.
ఎందుకట, అన్న మా అత్తగారికి
కందకు లేని దురద కత్తిపీటకెందుకని
నేనే సర్దిచెప్పాను.
నలభై ఏళ్ళు కంద తరిగిన చేతులావిడవి.
దురద ఆవిడకు కాక ఇంకెవరికుంటుంది?

ఫుజియె బడికి పోవడం మానలేదు.
బడే ఫాక్టరీ అయింది.
నల్లబల్ల మీద ఇప్పుడు ఒకటే లెక్క,
ఈరోజు ఎన్ని కాగితాలు.
నుదుటికి గుడ్డ కట్టుకుని
పద్నాలుగేళ్ళ ఆడపిల్లలు
కాగితం మీద జిగురు, జిగురు మీద కాగితం,
మళ్ళీ జిగురు.
ఏం చేస్తున్నారే అంటే
"చెప్పకూడదమ్మా" అంటుంది.
అబద్ధమాడ్డం ఎన్నడూ రాని పిల్ల
చెప్పకుండా ఉండడం నేర్చుకుంది.

ఒక రాత్రి దాని మూతి చివర
తెల్లగా ఎండిన చార కనిపించింది.
తిన్నావా అని అడగలేదు.
తడిగుడ్డతో తుడిచాను, అది నిద్రలో కదిలింది.
వేడివేడి కొన్యాకు ముక్క పుల్లకు గుచ్చి
పైన మిసో రాసి
నా చేత్తో పెట్టాల్సిన పిల్ల
నా అంగడి సరుకునే
ఉప్పు లేకుండా, ఉడుకు లేకుండా
బకెట్లోంచి దొంగిలించి నాకింది.

ఈ చలికి తలుపుల కాగితం మార్చలేదు.
ఏడాది చివర పాతది చింపే పని పిల్లలదే,
వేళ్ళతో టప్ టప్ మని పొడుస్తూ
ఇల్లంతా నవ్వేవాళ్ళు.
తిట్లు పడకుండా తలుపులు చింపే రోజు
ఏడాదికి అదొక్కటే.
ఇప్పుడు కాగితమంతా బడిలో ఉంది.
పాత చిరుగుల్లోంచి కొండగాలి దూరి
అత్తగారి దగ్గును లెక్కపెట్టుకుని పోతోంది.

నుయి అవ్వ నా చెవిలో ఊదింది:
కాగితం బుడగలట,
ఇల్లంత పెద్దవట,
కింద ఏదో కడతారట,
ఈ గాలే సముద్రం దాటిస్తుందట.
గుసగుస వినడంలో కొహేయ్‌కి ఆరేళ్ళకే
కుందేలు చెవులు.
"సముద్రం అవతల ఏముంటాయి?"
"ఇళ్ళు" అంది అవ్వ.
అని, నాలుక కరుచుకుంది.

నెలాఖరున రేషన్ వరసలో
ముద్ర వెయ్యమన్నారు.
మా ఇంటి ముద్ర మా ఆయన సంచిలోనే
దక్షిణ సముద్రాలకు పోయింది.
నా చేతుల్లో గోనెసంచి.
ఫుజియె బొటనవేలు చాచింది.
పొరల మధ్య ఎక్కడ గాలి దాగిందో
ఎక్కడ అంచు లేచిందో
పొద్దస్తమానం తడిమి చూసే వేలు.
ఎర్రసిరాలో అద్ది, చీటీ మీద నొక్కింది.

గీత ఒక్కటీ పడలేదు.
తెల్లకాగితం మీద
ఒట్టి ఎర్రని గుండ్రం.

గుమాస్తా దానికేసి చాలాసేపు చూశాడు.
తలెత్తి పిల్లకేసి చూడలేదు.
"సరే" అని, చిలగడదుంపలు తూచాడు.

జాలిపడి ఒకటి ఎక్కువ వేశాడేమోనని
ఇంటికొచ్చి లెక్కపెట్టాను.
లేదు.